కొనువారు లేని మహారథము

సూరతు నగరమునకు తూర్పున, తాపీ నదికి దక్షిణపు టొడ్డున, వరాఛా అను ప్రాంతము కలదు. అచటి మినీ బజారులో పగటివేళ నిలిచి చూచినవారికి ఒక వింత కానవచ్చును. త్రోవప్రక్కన చిన్న బల్లలమీదను, నిలిపిన స్కూటర్లమీదను తెల్లని కాగితపు పొట్లములు విప్పి, అందలి వజ్రపు రవ్వలను పట్టకారుతో నెత్తి కంటికి దగ్గరగా పట్టి, మనుష్యులు బేరమాడుచుందురు. గొంతులు పెద్దవి కావు. చూచుటకు కందిపప్పు బేరమువలెనే యుండును. ఆ వీథులకు ఇరుప్రక్కల నున్న మేడలలో వేలకొలది పనివారు సానచక్రముల చుట్టు కూర్చుండి, కొన్ని ఆవగింజకన్న చిన్నవైన రాళ్లకు కూడ ముఖములు తీర్చుచుందురు. ఆ చక్రమును వారు ఘంటీ యందురు. గుజరాతీ భాషలో ఘంటీ యనగా తిరుగలి. ఆ పనివానికి వారు పెట్టుకొన్న పేరు రత్నకళాకారుడు. భావనగరు, అమరేలి మొదలగు సౌరాష్ట్రపు జిల్లాలనుండి, వానలు నమ్ముకొని బ్రతుకలేక వచ్చినవారు వీరిలో పెక్కుమంది.

నిండైన ఒక వజ్రమునకు 57 గాని 58 గాని ముఖములుండును. ఒక్క ముఖము వెంట్రుకవాసి వంకరపోయినను వెలుగు చెదరును. ఇంత జాగ్రత్తగా చేసిన పని యొక్క విలువ ఎవరిచేత నిర్ణయింపబడును? చేసినవానిచేత కాదు. ఈ రవ్వలను అందరికన్న ఎక్కువగా కొనుచున్నది అమెరికా దేశము. అచటి పెండ్లిబేరము మందగించిన, ఇచట ఘంటీ నిలిచిపోవును. ఈ సంగతి వరాఛాలో పసిపిల్లలకు కూడ తెలియును.

దాదాపు నూరేండ్ల క్రిందట ఆ అమెరికాలోనే, వజ్రమునకు సానపట్టినంత శ్రద్ధతో, కొందరు ఒక మోటారు కారును నిర్మించిరి. దాని పేరు డ్యూసెన్‌బర్గ్. పనితనమున దానిని మించినది ఆనాడు ఆ దేశమున లేదని పలువురు ఒప్పుకొనిరి. అయినను అది వ్యాపారమున నిలువలేక పోయెను. ఉత్తమమైన పని ఎందుకు ఓడిపోవును, ఓడినప్పుడు నష్టము ఎవరిపై పడును అను ప్రశ్నలు వరాఛావంటి చోట ఊరక పుట్టిన ప్రశ్నలు కావు. కావున ఆ కారు కథను ఇచట తలచుకొనుట తగియున్నది.

ఫ్రెడ్ డ్యూసెన్‌బర్గ్ 1876లోను, అతని తమ్ముడు అగస్టు 1879లోను జర్మనీ దేశములో జన్మించిరి. బాల్యముననే కుటుంబముతో అమెరికాకు వలసవచ్చి, అయోవా రాష్ట్రమున పెరిగిరి. ఇంజనీరింగు కళాశాల మెట్లెక్కిన వారు కారు. పల్లెటూళ్ల యంత్రములు బాగుచేయుచు, సైకిళ్లు నిర్మించి పందెములలో త్రొక్కుచు, చేతితో నేర్చుకొనిన విద్య వారిది. 1913లో మిన్నసోటా రాష్ట్రమున సొంత సంస్థ పెట్టి పందెపు కార్లకు ఇంజన్లు చేసిరి. 1920లో ఇండియానాపొలిస్ నగరమున ప్రజలకు కార్లు చేసి అమ్ముటకు కర్మాగారమును స్థాపించుటకు పూనుకొనిరి.

1921లో ఫ్రాన్సు దేశపు లెమాన్ పట్టణమున జరిగిన గ్రాండ్ ప్రీ పందెములో జిమ్మీ మర్ఫీ అను యువకుడు వీరి కారు నడిపి గెలిచెను. ఐరోపాలోని గ్రాండ్ ప్రీలో అమెరికా కారు గెలుచుట అదియే మొదటిసారి. ఆ కారుకు నాలుగు చక్రములకును ద్రవపు ఒత్తిడితో పనిచేయు బ్రేకులుండెను. తక్కినవారి బండ్లు వంపులలో తడబడుచుండగా ఇది నిలువవలసినచోట నిలిచి మరల పరుగెత్తెను. స్వదేశమున ఇండియానాపొలిస్‌లో ఏటేట జరుగు 500 మైళ్ల పందెమును 1924, 1925, 1927 సంవత్సరములలో వీరి కార్లే గెలిచెను.

పందెమున గెలుచుట వేరు, అంగడిలో గెలుచుట వేరు. అన్నదమ్ములు ప్రజలకొరకు చేసిన మొదటి కారు మోడల్ ఏ. వరుసగా ఎనిమిది సిలిండర్లు గల ఇంజను, నాలుగు చక్రములకు ద్రవపు బ్రేకులు దానిలో నుండెను. సామాన్యముగా అమ్ముడుపోవు కార్లలో ఇట్టివి అమెరికా అంతవరకు ఎరుగదు. కాని కారును ప్రకటించినదానికి, అది కొనువాని చేతికి అందినదానికి నడుమ చాల కాలము గడచెను. ఫ్రెడ్ ఒక భాగమును చేసిన పిదప, దానికన్న మేలైనది తోచినచో మొదటిదానిని త్రోసివేసి మరల చేయువాడు. శిల్పికి అది గుణము, వర్తకునికి అది దోషము. ఏండ్లు గడచినను అమ్మినవి 650 ప్రాంతము మాత్రమే. 1924లో సంస్థ అప్పులపాలై న్యాయస్థానము నియమించిన అధికారి చేతికి పోయెను.

అప్పుడు రంగమున ప్రవేశించినవాడు ఎర్రెట్ లోబన్ కార్డ్. అతడు కార్లు అమ్ము పనితో జీవితము మొదలుపెట్టి, ఇండియానా రాష్ట్రపు ఆబర్న్ పట్టణములో దివాలాకు సిద్ధమై యున్న కార్ల కంపెనీని నిలబెట్టి ధనవంతుడైనవాడు. 1926లో డ్యూసెన్‌బర్గ్ సంస్థను కొని, ఫ్రెడ్‌కు అతడు అప్పగించిన పని ఒక్కటే: ప్రపంచములో దీనికన్న మంచిది లేదనదగిన కారును చేయుము, ఖర్చు సంగతి చూడవద్దు. పనివానికి ఇంతకన్న కోరదగిన మాట లేదు. ఇంతకన్న అపాయకరమైన మాటయు లేదు.

1928 డిసెంబరు 1వ తేదీన న్యూయార్కు ప్రదర్శనలో మోడల్ జె లోకమునకు కనబడెను. దాని ఇంజను పరిమాణము 6.9 లీటర్లు. సిలిండర్లు ఎనిమిది, ఒక్కొక్క సిలిండరునకు నాలుగు వాల్వులు, వానిని నడపుటకు పైభాగమున రెండు కామ్‌షాఫ్టులు. శక్తి 265 అశ్వశక్తియని సంస్థ చాటెను. గంటకు 190 కిలోమీటర్ల ప్రాంతము పోగలదనిరి. ఆనాటి అమెరికాలో దానికి సాటివచ్చు శక్తిగల కారు మరియొకటి లేదు. చట్రమునందలి కీళ్లకు నూనె తనంతట తానే అందు ఏర్పాటుండెను. ఇంజను నూనె మార్చవలసిన వేళ వచ్చినదని దీపము వెలిగి చెప్పుచుండెను.

ఇక వెల మాట. ఇంజనుతో కూడిన ఉత్త చట్రమునకే 8,500 డాలర్లు, పిదప అది 9,500 అయ్యెను. పైకట్టును కొనువారు తమకు నచ్చిన శిల్పిచేత వేరుగా చేయించుకొనవలెను. పూర్తియైన బండికి 13,000 మొదలు 20,000 డాలర్లవరకును అయ్యెడిది. అదే కాలములో ఫోర్డు కారు ఇంచుమించు 500 డాలర్లకు దొరకుచుండెను. ప్రకటనలు కూడ ఈ వెలకు తగినట్లే యుండెను. కొన్నింటిలో కారు బొమ్మయే యుండదు. విశాలమైన మందిరములో ఒక ధనికుడు కూర్చుండియుండును, లేదా ఒక పడవ చుక్కాని పట్టుకొనియుండును. అతడు డ్యూసెన్‌బర్గ్ నడపునని క్రింద ఒక్క వాక్యము. అనగా వారు అమ్మినది కారును కాదు, కొనువాని హోదాను. హోదా అమ్ముకొను వర్తకమునకు ఒక కట్టుబాటున్నది. కొనగలవారు కొద్దిమందియై యుండవలెను. అందరును కొనగలిగిన నాడు అది హోదా కాదు. ఆ కొద్దిమంది కూడ చేయి ముడుచుకొన్న నాడు అది వర్తకము కాదు.

ఏడాదికి 500 కార్లు అమ్మవలెనని కార్డ్ తలచెను. ప్రదర్శన జరిగి పదకొండు నెలలు నిండకముందే, 1929 అక్టోబరులో, న్యూయార్కు వాటాల విపణి కూలిపోయెను. 1929లో 44 లక్షలకు పైగా కార్లు చేసిన అమెరికా 1932లో 11 లక్షలు మాత్రము చేసెను. సామాన్యుని కారుకే ఇట్టి గతి పట్టగా, సామాన్యుని ఇంటికన్న వెలగల కారు సంగతి చెప్పనేల? ధనము మిగిలినవారు కూడ, రొట్టెముక్కకై జనము వరుసలు తీరిన వీథిలో అట్టి బండి ఎక్కి పోవుటకు జంకిరి. ఏడాదికి 500 అనుకొన్నది, సంస్థ బ్రతికినంత కాలము చేసినను మొత్తము 480 ప్రాంతముననే ఆగిపోయెను.

ఫ్రెడ్ మాత్రము చేయి నిలుపలేదు. 1932లో గాలిని ఒత్తిడితో సిలిండర్లలోనికి పంపు సూపర్‌ఛార్జరు అను యంత్రమును జోడించి, 320 అశ్వశక్తి గలదని చాటిన ఎస్‌జె అను మేలురకమును వెలువరించిరి. ఆ సంవత్సరము జూలై 2వ తేదీన పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ సమీపమున తడిసిన బాటపై అతడు నడుపుచున్న డ్యూసెన్‌బర్గ్ జారి ప్రమాదము కలిగెను. కోలుకొనుచున్నాడని తలచుచుండగా జ్వరము ఊపిరితిత్తులకు సోకి జూలై 26న మరణించెను. అప్పటికతనికి 55 ఏండ్లు. సంస్థ ఇంకను ఐదేండ్లు బ్రతికెను గాని, దాని ప్రాణము ఆ బాటపైననే పోయినదని చెప్పవచ్చును.

ఆ చివరి ఏండ్లలో కొనినవారు సినిమా తారలు, వారసత్వపు ధనికులు, రాజులు. గ్యారీ కూపరు, క్లార్క్ గేబుల్ అను హాలీవుడ్ నటులకొరకు 1935లో పొట్టి చట్రము గల రెండు బండ్లు ప్రత్యేకముగా చేసిరి. మన దేశమునుండి కొనినవాడు ఇందూరు మహారాజు రెండవ యశ్వంతరావు హోల్కరు. అతడు 1908లో పుట్టి, 1926లో గద్దెనెక్కెను. మాణిక్‌బాగ్ అను మందిరమును జర్మను శిల్పి ఎకార్ట్ మూటేసియస్ చేత పూర్తిగా నవీనమైన తీరున కట్టించుకొనిన రసికుడు. ఎస్‌జె చట్రమును తెప్పించి, లండనులోని గర్నీ నటింగ్ సంస్థచేత దానికి ఇద్దరు కూర్చుండదగిన పైకట్టును చేయించెను. నారింజ వన్నెయు నలుపును కలిసిన ఆ కారు డ్యూసెన్‌బర్గ్‌లలోకెల్ల సొగసైనవానిలో ఒకటిగా నేటికిని చెప్పబడుచున్నది. పిదప అది ఇందూరునుండి తన పుట్టినదేశమునకే తరలిపోయెను.

ఈ హోల్కరుల ధనాగారమునందే ఇందూరు పేర్లు అని ప్రసిద్ధికెక్కిన రెండు వజ్రములుండెను. బేరిపండు ఆకృతి గల ఈ జత ఒక్కొక్కటి 47 క్యారట్లకు ఇంచుక తక్కువ. ఇతని తండ్రి మూడవ తుకోజీరావు వానిని 1913లో పారిస్ నగరపు వర్తకులవద్ద కొనెను. అవి గోల్కొండ వజ్రములని ప్రతీతి. 1946లో అమెరికా వర్తకుడు హ్యారీ విన్‌స్టన్ వానిని కొనిపోయెను. కారు పోయినత్రోవనే వజ్రములును పోయెను.

గోల్కొండ పేరు విన్నప్పుడు తెలుగువారికి ఒక వైభవము మదిలో మెదలును. కాని ఆ వైభవమునకు అడుగున మరియొక దృశ్యమున్నది. 17వ శతాబ్దములో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇదే సూరతు రేవునుండి గోల్కొండకు ప్రయాణములు చేసెను. కృష్ణ ఒడ్డున నున్న కొల్లూరు గనిలో స్త్రీలు, పురుషులు, పిల్లలు కలిసి 60,000 మంది పనిచేయుచుండిరని వ్రాసెను. ఆ రాళ్లు ఏ కిరీటమున చేరెనో, ఎన్ని చేతులు మారెనో చరిత్రకారులు క్యారట్లతో సహా లెక్కవ్రాసి యుంచిరి. ఆ 60,000 మందిలో ఒక్కని పేరైనను ఎవరును వ్రాయలేదు. 18వ శతాబ్దమున బ్రెజిలులో వజ్రములు బయటపడినవి, మన గనులు అడుగంటినవి. ఆ జనము ఏమయ్యెనని అడిగినవారును లేరు.

అమెరికా కథ ముగింపు కూడ ఇట్టిదే. 1937లో కార్డ్ తన వాటాలను అమ్మివేసి తప్పుకొనెను. డ్యూసెన్‌బర్గ్ కర్మాగారము మూతపడి, ఆ భవనము ట్రక్కులు చేయు వేరొక కంపెనీకి పోయెను. 1947 ప్రాంతమున అగస్టు ఆ పేరును మరల నిలుపుటకు చేసిన యత్నము ఫలింపలేదు. అతడు 1955లో కన్నుమూసెను. కాని కారునకు మాత్రము చావు లేకపోయెను. ఆబర్న్ పట్టణములోని కార్డ్‌గారి పాత కార్యాలయ భవనమే 1974 నుండి ఆ కార్ల మ్యూజియమై వెలయుచున్నది. గ్యారీ కూపరు నడిపిన బండి 2018లో కాలిఫోర్నియాలో జరిగిన వేలములో 2 కోట్ల 20 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. అంతవరకు వేలములో ఏ అమెరికా కారును అంత పలుకలేదు. చేసినవారి చేతికి ఆ ధనములో ఒక్క కాసైనను రాదు. చేసినవారు బ్రతికియున్న దినములలో కొనువాడు లేకపోయెను, కొనువారు పోటీపడు దినము వచ్చునప్పటికి చేసినవారు లేకపోయిరి.

దీనినిబట్టి పనితనము వ్యర్థమని చెప్పరాదు. పనితనము సరకును కాపాడెను. అందువలననే నేటికిని ఆ కార్లు పరుగెత్తుచున్నవి. అది కాపాడలేకపోయినది పనివానిని. పనివానిని కాపాడునది కొనువారి విస్తారము. డ్యూసెన్‌బర్గ్ తోడి కార్ల చరిత్ర దీనికి సాక్ష్యము. మార్మన్, పియర్స్‌యారో మొదలైన గొప్ప పేర్లు ఆ మాంద్యపు దశాబ్దములోనే మాసిపోయెను. కాడిలాక్ నిలిచెను, ఏలయన దాని వెనుక షెవర్లే మొదలగు చౌక కార్లు లక్షలకొలది అమ్ము జనరల్ మోటార్సు సంస్థ యుండెను. పాకార్డ్ వారు 1935లో వేయి డాలర్లకు లోపున దొరకు కారును చేసి ప్రాణము దక్కించుకొనిరి. చౌక చేయుటచేత వారి పేరునకు మచ్చవచ్చినదనియు, 1958లో పాకార్డ్ అంతరించుటకు అదియే బీజమనియు కొందరందురు. కావచ్చును. అయినను డ్యూసెన్‌బర్గ్ పోయిన పిదప ఇరువదియేండ్లు పాకార్డ్ పనివారి పొయ్యిలో నిప్పుండెను. పేరు మాసినను పొయ్యి వెలుగుట మేలా, పొయ్యి ఆరినను పేరు వెలుగుట మేలా అను ప్రశ్నకు, వేలములో నిలిచినవాడు ఒక సమాధానము చెప్పును, పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు వేరొక సమాధానము చెప్పును.

ఈ వెలుగులో వరాఛాను మరల చూతము. సూరతు వజ్రపు పనికి ఎదుగుదల వచ్చినది మహారాజుల రాళ్లతో కాదు. సానపట్టిన కూలియైనను రాదని తక్కిన దేశములవారు త్రోసివేసిన చిన్న రాళ్లతో వచ్చినది. 1983లో ఆస్ట్రేలియాలోని ఆర్గైల్ గనినుండి రాశులుగా వెలువడిన చిన్నరాళ్లను ఈ నగరమే మెరపించెను. దానివలన కొద్ది జీతము గల అమెరికా గుమాస్తా కూడ తన పెండ్లికూతురునకు రవ్వల ఉంగరము పెట్టగలిగెను. అనగా వరాఛా చేసినది డ్యూసెన్‌బర్గ్ చేసినదానికి సరిగా తలక్రిందులైన పని. హోదాను పొడిచేసి నలుగురికి పంచెను. ప్రపంచమున సానపట్టబడు వజ్రములను లెక్కపెట్టినచో, పదింట తొమ్మిది ఈ నగరమునుండియే పోవునని చెప్పుచుందురు. అందుకే వరాఛా వేలకొలది కుటుంబములకు అన్నము పెట్టగలిగెను.

అయినను ఆ విస్తారములో ఒక లోపమున్నది. కొనువారు పెక్కుమందియే గాని, వారిలో అధికభాగము ఒకే దేశమున నున్నారు. 2008 సెప్టెంబరులో న్యూయార్కులో ఒక బ్యాంకు కూలగా, ఆ దీపావళికి సెలవులిచ్చిన సూరతు కార్ఖానాలు పెక్కు మరల తలుపులు తెరువలేదు. సౌరాష్ట్రపు పల్లెలకు పండుగకు పోయినవారు అచటనే నిలిచిపోయిరి. 2023 డిసెంబరులో సూరతునందే ఖజోద్ వద్ద వజ్రవర్తకమునకై ఒక మహాభవనమును ప్రారంభించిరి. విస్తీర్ణమున అమెరికా సైనికశాఖ వారి పెంటగన్‌ను మించినదని దానిని ప్రశంసించిరి. రెండేండ్లు నిండకముందే, 2025 ఆగస్టులో, అమెరికా ప్రభుత్వము భారతదేశపు సరకులపై సుంకమును 50 శాతమునకు పెంచెను. అంతకుముందే ప్రయోగశాలలో పెంచిన వజ్రములు గని వజ్రముల ధరను దిగలాగుచుండెను. ఘంటీ వద్ద కూర్చున్నవాని చేతిలో తప్పులేదు. 1929లో ఇండియానాపొలిస్ కార్మికుని చేతిలోను తప్పు లేకుండెను.

సూరతు మగ్గములవద్ద పనిచేయుచున్న తెలంగాణపు పద్మశాలీలకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. నేత బాగుండుట ఒకటి, నేసినది అమ్ముడుపోవుట మరియొకటియని తాతల నాడే తెలిసికొని ఇల్లు విడిచి వచ్చినవారు వారు. తెలిసికొనవలసినవారు వేరే యున్నారు. గొప్ప వస్తువుల చరిత్ర వ్రాయుచు వానిని చేసినవారిని మరచువారు, గొప్ప భవనములను కట్టి ఒక్క కొనుగోలుదారునే నమ్ముకొనువారు, లాభమున్న ఏండ్లలో కష్టకాలమునకై పనివాని పేర ఒక కాసైనను దాచనివారు తెలిసికొనవలెను.

డ్యూసెన్‌బర్గ్ ఓటమి ఒక కారు ఓటమి మాత్రము కాదు. కొద్దిమంది మోజుపై పెక్కుమంది కూడు ఆధారపడిన ప్రతిచోట ఆ ఓటమి పొంచియుండును. వరాఛాలో సాయంకాలము ఘంటీలు నిలుచును. పనివారు చేతులనంటిన నూనెయు నల్లని పొడియు తుడుచుకొని మేడలు దిగివత్తురు. ఆనాడు తాము తీర్చిన రాయి ఏ వ్రేలిని చేరునో వారికి తెలియదు. మరునాడు ఘంటీ తిరుగునా లేదా అనునది మాత్రము వారికి తెలియవలసిన విషయము.